నీళ్ళు ముట్టని అమావాస్య

నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఊడదీద్దామంటే నోట్లో తడి లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మెడదాకా ఆకుపచ్చ దుప్పటి కప్పి, జుట్టంతా ఒక కాగితం టోపీలోకి దోపి, ఆపరేషన్ థియేటర్ తలుపు బయట ఈ గోడవారగా నా ట్రాలీని ఆపి వెళ్ళిపోయారు. హైవే మీద యాక్సిడెంటు కేసొకటి మధ్యలో దూరిందట, సర్జన్లందరూ దాని మీద పడ్డారట. "మాఉసీ, ఘంటాఎ లాగిబ" అని ఒడియాలో చెప్పి నర్సు నా కాలి బొటనవేలు మెల్లగా నొక్కి పోయింది. పిన్నీ, గంట పడుతుంది, అని. పడనీ. బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని, ఎదురుచూడడం నాకు కొత్తా, వేసవిలో మునిసిపాలిటీ కొళాయి కోసం తెల్లవారకుండా బిందె పెట్టుకుని కూర్చున్నదాన్నే కదా. అప్పుడూ ఇలాగే గొంతు ఎండేది, కాని అప్పుడు చుట్టూ వీధిలో ఆడవాళ్ళంతా ఉండేవారు, తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండేది. ఇక్కడ పైన ట్యూబులైటు, పక్కన ఖాళీ ఆక్సిజన్ సిలిండరు, ఎవరో వదిలేసిన ఒంటి చెప్పు. ఇంకాసేపట్లో నా ఎడమ మూత్రపిండం తీసి మా ఆయన విశ్వనాథ్‌కి పెడతారు. ఆ మాట అనుకున్నప్పుడల్లా అది పక్కింటివాళ్ళ సంగతిలా ఉంటుంది.

ఆయన గది ఈ వరండాకి ఆ చివర, మలుపు తిరిగాక ఉంది. కనబడదు గాని గొంతులు వినబడుతున్నాయి. మా అత్తగారు బాలామణి సన్నగా స్తోత్రమేదో చదువుతోంది. మా మరిది ఉదయ్ భాస్కర్ ఫోన్లో ఎవరికో అన్నయ్య ధైర్యంగానే ఉన్నాడని చెబుతున్నాడు. పాత్రపూర్ హైస్కూల్లో ఆయనతో పనిచేసే మాస్టార్లు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు, వాళ్ళ దగ్గులు కూడా తెలుస్తున్నాయి. అందరూ అక్కడే. తప్పేముంది, జబ్బుమనిషి ఆయన. నాకేం, గుండ్రాయిలా ఉన్నానని పరీక్షల మీద పరీక్షలు చేసి మరీ తేల్చారు, పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇంత నిశితంగా ఎవరూ చూడలేదు. ఇచ్చేవాళ్ళకి జబ్బుండదు కాబట్టి పలకరింపూ ఉండదు. ట్రాలీ కదిలేముందు అత్తగారు వచ్చి నా తల నిమిరి, "తల్లీ, నా కొడుకుని నిలబెట్టే" అంది. నా మొహం చూసే అంది, కాని ఆవిడ చెయ్యి మెల్లగా జారి నా నడుం ఎడమపక్కన కొంచెంసేపు ఆగింది. కోపం రాలేదు. ఒంటరిగా అనిపించింది, అంతే.

నిన్న పొద్దుగూకక ముందు తాగిన అరగ్లాసు తరవాత నేను నీళ్ళు ముట్టలేదు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున నర్సు వచ్చి మంచం పక్కన రెండు ఖాళీ సీసాలు చూసి, "పాణి పిఇలే కి, మాఉసీ?" అని అడిగితే, నీళ్ళు తాగానా అంటే, కళ్ళార్పకుండా "పిఇలి" అన్నాను, తాగాను అని. ఆవిడ సంతోషించి కాగితం మీద ఏదో గీసుకుంది. బీమా ఆఫీసులో నా ఉద్యోగమే అది. బల్లకి ఇవతల కూర్చుని, మీకు బీపీ ఉందా, షుగరుందా, పొగ తాగుతారా అని అడుగుతుంటాను, అవతల కూర్చున్నవాళ్ళు చొక్కా జేబులో బీడీకట్ట కనబడుతుండగా లేదండీ, లేదండీ అంటుంటారు. ఇన్నేళ్ళూ వాళ్ళని చూసి లోలోపల నవ్వుకున్నాను. అబద్ధం ఎంత సులువుగా వస్తుందో ఇవాళ నా నోటితో నేనే విన్నాను. ఎండిపోయిన నోటికి అదొక్కటే ధారాళంగా వచ్చింది.

మత్తు డాక్టరు పేరు సుశ్మిత. తెలుగమ్మాయే, ఈ ఊళ్ళోనే పుట్టింది, మా బడా బజార్ వెనక వీధుల్లోనే ఎక్కడో వాళ్ళ ఇల్లు. మొన్న వచ్చి నా మంచం మీదే ఒక కాలు మడిచి కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు అంతా చెప్పింది. కడుపులోకి గాలి నింపి ఉబ్బించి, చిన్న చిన్న కన్నాల్లోంచి పనిచేస్తారట, ఆ గాలి ఒత్తిడికి మూత్రపిండానికి రక్తం సరిగ్గా అందదట, అప్పుడు ఒంట్లో నీరు నిండుగా ఉంటేనే అది తట్టుకుంటుందట. "మీరు ఎండిపోయి వొచ్చేరనుకోండి ఆంటీ, అది కొత్తింట్లోకెల్లి అలిగి కూర్సుంటాది. పని సెయ్యదు. అది లేసేదాకా అంకుల్‌కి మళ్ళీ డయాలసిస్సే. నిండుగా ఎల్లిందనుకోండి, రక్తం తగలగానే గులాబీరంగు వొచ్చి, బల్ల మీదే ఒంటేలు సుక్క కనిపిస్తాది. మేం అందరం ఆ సుక్క కోసమే సూస్తాం." మరైతే సీసాల కొద్దీ ఎక్కించెయ్యమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందట, పూర్వంలా కళ్ళు మూసుకుని పోసెయ్యకూడదట, మనిషి ఎంత నిండుగా వచ్చిందో తెలిస్తే దాన్ని బట్టి థియేటర్లో పోస్తుందట. రాత్రంతా సెలైన్ పెట్టే అలవాటు ఇక్కడ లేదని, అన్నం మానేసినా మంచినీళ్ళు మాత్రం లోపలికి తీసికెళ్ళడానికి రెండు గంటల ముందు వరకూ తాగుతూనే ఉండమని చెప్పింది. "మీరు సెప్పినదాన్ని బట్టే నా లెక్క" అంటూ లేచింది. నేను బుద్ధిగా తలూపాను. అప్పటికే నాకు తెలుసు, తాగనని.

ఆయన నీళ్ళు తాగడం చూడాలి. అంటే, అప్పట్లో. చెంబు ఎత్తి, పెదవికి తగలకుండా, గొంతులోకి ధార కట్టి, గుటకగుటకకీ చప్పుడు చేస్తూ తాగేవాడు. చెంబు దించాక "హా" అనేవాడు, వీధిలోకి వినబడేలా. పెళ్ళైన కొత్తలో నాకు సిగ్గేసేది. స్కూటరు మీద చమఖండి తీసికెళ్ళేవాడు, సముద్రం ఒడ్డున పల్లెవాళ్ళు వలలు ఆరేసుకునే చోట, అక్కడ ఒకావిడ కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చేది. ఒక బొండం కొని, సగం తాగి, మిగతాది నాకిచ్చి, నేను తాగుతుంటే నా గొంతు వంక చూసేవాడు. ఏమిటలా చూస్తారు అంటే, "నీల్లు దిగడం కనిపిస్తంది" అని నవ్వేవాడు. సముద్రం మీద గాలికి నా కొంగు ఎగిరి ఆయన మొహాన పడేది, తీసేవాడు కాదు. తరవాత పాత్రపూర్‌కి రోజూ బస్సులో పోవడం, రావడం, దారిలో ఒంటేలుకి దిగనివ్వరని పగలంతా నీళ్ళు తగ్గించుకోవడం, నడుం నొప్పికి మాత్రలు మింగడం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది మీది ఈ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానం వైపా అని. కాదండీ, మేం తాతల నాటినుంచీ బరంపురం వాళ్ళమే అంటే ఆశ్చర్యపోయేవారు, జబ్బుకి కూడా ఏదో ఒక ఊరుండాలన్నట్టు. ఏ కారణమో ఇప్పటికీ తేలలేదు. తేలినా ఒరిగేదేముంది.

డయాలసిస్ మొదలయ్యాక ఆయనకి రోజంతటికీ ఒక చిన్న సీసా నీళ్ళు. అందులోంచే మాత్రలు, అందులోంచే నోరు తడుపుకోవడం. చారు మానేశాను, చారులో ఉన్నదీ నీళ్ళే కదా. మజ్జిగ మానేశాను. చారు కాగని తెలుగువాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో ఎవరికి చెప్పినా అర్థం కాదు, పొద్దున్న పదయ్యేసరికి ఇల్లంతా ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. నేను నీళ్ళు తాగితే ఆయన చూసేవాడు. అడిగేవాడు కాదు, కసురుకునేవాడు కాదు, ఊరికే చూసేవాడు, ఆకలేసినవాడు పక్కవాడి విస్తరి చూసినట్టు. మొదటిసారి ఆ చూపు పట్టుకున్న రోజున గ్లాసు సగంలో దించేశాను. అప్పట్నించీ ఇంట్లో తాగడం పెరట్లోనే. బావి గట్టు వెనక నిలబడి, గొంతు చప్పుడు కాకుండా, దొంగతనంగా. ఆఫీసుకెళ్ళగానే కూలరు దగ్గర నిలబడి మూడు గ్లాసులు ఒక్క బిగిన తాగేదాన్ని, తోటి గుమాస్తాలు వేళాకోళం చేసేవారు, రాగిణమ్మ ఎడారి దాటి వస్తుందని. ఆయనకి దాహం, నాకు దాహం దాచుకోవడం, ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం పెదవులు తడుపుకునేవాళ్ళం. మాటలు కూడా అలాగే తగ్గాయి. నోరు తెరిస్తే ఎండిపోతుందని ఆయన మాటాడ్డం మానేశాడు, నేనేం మాటాడినా ఆయన జబ్బు ముందు చిన్నదైపోతుందని నేను మానేశాను.

మీనతి అపా పక్కింటావిడ, ఒడియావాళ్ళు, అపా అంటే వాళ్ళ మాటలో అక్క. వాళ్ళ లెక్కన జ్యేష్ఠ అమావాస్య, మన వైశాఖ అమావాస్య, వస్తే కొత్త చీర కట్టి, చేతినిండా గాజులు వేసుకుని, సన్నికల్లు పొత్రానికి పసుపు రాసి సిందూరం పెట్టి, దాన్నే సావిత్రిగా కూర్చోబెట్టి పూజ చేస్తుంది. ఈ ఊళ్ళో ఆ రోజు పెళ్ళైన ఆడదానికి అదే పండగ, మామిడిపళ్ళు, తాటిముంజలు, పనసతొనలు బుట్టల కొద్దీ వీధంట పోతుంటాయి. మాకా నోము లేదు. అత్తగారు మొదట్లో, "మన ఇంటా వంటా లేనిది నీకెందుకే" అంది, తరవాత కొడుకు చెయ్యి ఊదిపోయి సూదులు గుచ్చడం చూశాక, "సెయ్యే, సెయ్యే, ఏ దేవుడైతే ఏటి" అంది. మీనతి అపా నేర్పింది. పొద్దంతా అన్నం మాని, పూజయ్యాక పళ్ళు తిని, బేలపండు పణా, అదే మారేడుపండు పానకం, తాగడం, అంతే, ఒడియావాళ్ళ నోములో కడుపు మాడ్చుకోవడం పెద్దగా లేదు. పణా గ్లాసు నా చేతికిచ్చింది. చల్లగా, మిరియాల వాసనతో. గ్లాసు పెదాల దాకా తీసికెళ్ళి దించేశాను. నేను నీళ్ళు కూడా ముట్టను అన్నాను. ఆవిడ నోరు తెరిచింది, అలా ఎక్కడా లేదే అంది. లేదు, నేనే పెట్టుకున్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ పెరట్లో కొబ్బరాకుల్ని కూడా మాడుస్తుంటే, పొడి నోటితో ఆయన పక్కన వచ్చి పడుకున్నాను. ఆయనకి చెప్పలేదు. ఆయనే కనుక్కున్నాడు. నా పెదాల మీద వేలు పెట్టి చూసి, "తాగలేదేటి?" అన్నాడు. లేదన్నాను. నా వైపు తిరిగి పడుకున్నాడు, చాలా కాలానికి. ఆ పూటంతా మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నట్టు ఉంది. ఇద్దరికీ ఒకటే దాహం, దాచుకోవడానికి ఏమీ లేదు. ఆయన మెల్లగా చెప్పాడు, ముందు నోరు ఎండుతాది, తరవాత నోటి సంగతి మర్సిపోతాం, చెవుల్లో నీల్లు వినిపిస్తాయి అని. నిజమే, సాయంత్రానికి నాకూ వినిపించాయి. అప్పట్నించీ ప్రతి ఏడూ ఆ ఒక్క రోజు కోసం చూసేదాన్ని. దేవుడితో నాకేమీ పేచీ లేదు, ఆయన ఆయుష్షు కోసం మొక్కుకున్నాను కూడా. కాని నీళ్ళు మానింది సావిత్రి కోసం కాదు. ఆయన పక్కకి వెళ్ళడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

ఈసారి డాక్టర్లు ఇచ్చిన రోజు సరిగ్గా ఆ అమావాస్యే అయింది. అత్తగారు మంచం దిగి కూర్చుంది. "అమాస నాడు కోతేటే? ఏ తెలుగోడైనా అమాస నాడు మంచిపని మొదలెడతాడేటి?" అంది. ఉదయ్ భాస్కర్ తేదీ మార్చమని అడగడానికి బయల్దేరాడు కూడా. నేనే ఆపాను. ఒడియా ఆడవాళ్ళు మొగుణ్ణి యముడి చేతిలోంచి లాక్కునే రోజు అదేనండీ, అంతకంటే మంచి రోజు ఏముంటుంది అన్నాను. వీధి వీధంతా మెచ్చుకుంది, మీనతి అపా కళ్ళు తుడుచుకుంది, నా పేరు పెద్ద పతివ్రతల పక్కన చేరిపోయింది. నాలో ఏముందో వాళ్ళకేం తెలుసు. ఈ ఆపరేషన్ బాగా అయితే ఆయన రేపట్నించి నీళ్ళు తాగుతాడు, తాగాలి, సీసాల కొద్దీ తాగించమని చెప్పారు. చెంబెత్తి తాగుతాడు. బడా బజార్ మూల మీద గోలీసోడా తాగుతాడు, మాస్టార్లతో. సంతోషమే, దానికే కదా ఇదంతా. కాని నాకింక అమావాస్య ఉండదు. ఆయన దాహం తీరిపోయాక, ఆయనకీ నాకూ మధ్య మిగిలేదేమిటో నాకు తెలియలేదు. ఇది ఆఖరుది, ఈ ఒక్కటీ ఆయనతో ఉందాం అనుకున్నాను. పిచ్చి ఆలోచనే. పిచ్చిదని తెలిసినంత మాత్రాన పోతుందా.

ఇస్తావా అని ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. అత్తగారికి షుగరు, మరిదికి రక్తం కలవలేదు, మాకు పిల్లల్లేరు. అందరి కళ్ళూ నా మీదికి వచ్చేముందే నేనిస్తాను అనేశాను. ఆయన గోడ వైపు తిరిగాడు. సిగ్గుపడ్డాడో, బాధపడ్డాడో, ఊపిరి పీల్చుకున్నాడో. వద్దే అని ఒక్కసారి అని ఉంటే, నేను కాదని ఇచ్చేదాన్ని, ఆ మాట దాచుకునేదాన్ని. నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఇద్దరికీ ఒకే గదిలో పక్కపక్క మంచాలు. నర్సు నా వైపు రెండు నీళ్ళ సీసాలు పెట్టి పోయింది. ఆయన సీసాల వంక చూడకుండా ఉండడానికి కిటికీలోకి చూస్తున్నాడు. "తాగు రాగిణీ, నువ్వు తాగితే నాను తాగినట్టే" అన్నాడు. సీసాలు తీసుకుని బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని, తూములో పోసేశాను. రెండూ. సన్నగా, చప్పుడు కాకుండా పోద్దామనుకున్నాను, కుదరలేదు. బయటికొచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని, "నీల్ల సప్పుడు బావుంటాది కదా" అన్నాడు. నేను తాగాననుకున్నాడు. తృప్తిగా నిద్రపోయాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశానా? ఎడమపక్కన చెయ్యి పెట్టుకుందామంటే దుప్పటి కింద చేతులకి సూదులూ వైర్లూ. లోపల అది ఎలా ఉందో. ముడుచుకుపోయిందా, తేలికైపోయిందా. ఆయన ఒంట్లోకి వెళ్ళి కళ్ళు తెరవకుండా కూర్చుంటే? గులాబీరంగు రాకపోతే? బల్ల చుట్టూ నిలబడి ఆ చుక్క కోసం వాళ్ళంతా చూస్తుంటే, ఆ చుక్క నేను తూములో పోసేసిన నీళ్ళలో పోయుంటే? ఇప్పుడు చెబితే వాయిదా వేస్తారేమో. వరండా చివర అత్తగారు స్తోత్రం ఆపేసి, "అమాసని సెప్పేనా, విన్నావేటే" అంటుంది. ఆయన మళ్ళీ రేపు ఆ మిషను పక్కన పడుకుని చెయ్యి చాపాలి. చెప్పకపోతే ఆ డాక్టరమ్మాయి నేను నిండుగా ఉన్నాననుకుని కొలిచి కొలిచి పోస్తుంది. సెలైన్ ఎక్కిస్తే నోము చెడినట్టా? నోటితో తాగలేదు కదా, రక్తంలోకి వెళ్ళినదాన్ని తాగడం అంటారా? మీనతి అపాని అడిగితే ఏమంటుందో. నవ్వొస్తోంది, ఇక్కడ కూడా నోము గురించే. నోము చెడి ఆయనకేమైనా అయితే నావల్లే. నోము చెడకుండా ఆ మూత్రపిండం పనిచెయ్యకపోతే, అదీ నావల్లే. ఎటు తిరిగినా దారి నా దగ్గరికే వస్తోంది, నా పక్కన మాత్రం ఎవరూ లేరు. చెవుల్లో నీళ్ళు వినబడడం మొదలైంది. భయమేస్తోంది. ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటే బాగుణ్ణు.

తలుపు తోసుకుని సుశ్మిత వచ్చింది. మొహం మీది మాస్కు గడ్డం కిందికి లాక్కుని, గోడకి ఆనుకుని ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. యాక్సిడెంటు మనిషి బతికాడు కాబోలు, ఆ అలసటలో ఊరట ఉంది. తరవాత నా వైపు తిరిగింది.

"సారీ ఆంటీ, మిమ్మల్ని ఒక్కరినే వొదిలేసేం. ఇంకా రెండు గంటల పైనే పట్టేలాగుంది. నీళ్ళు ఆఖరుసారి ఎప్పుడు తాగేరు?"

పొద్దున్నే తాగాననే మాట నోటి చివర సిద్ధంగా ఉంది. బల్లకి అవతల కూర్చున్నవాళ్ళ మొహాలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వాళ్ళు అబద్ధమాడితే నష్టం వాళ్ళకే, నేనాడితే ఆయనకి. "నిన్న పొద్దుగూకక ముందు" అన్నాను.

ఆ పిల్ల కాగితం తిప్పి చూసింది. "నర్సు తాగేరని రాసిందే?"

"అబద్ధం సెప్పేను. ఇవాళ సావిత్రి అమాస. నాను నీళ్ళు ముట్టను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా చేతి వెనక చర్మం రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలి, అది మెల్లగా దిగడం చూసింది. నాలుక చాపమని చూసింది. "మా అమ్మా సేస్తాది ఆ నోము, మామిడిరసం గ్లాసులకి గ్లాసులు తాగి మరీ సేస్తాది" అంటూ నర్సుని కేకేసి సెలైన్ తెప్పించింది. తనే గొట్టం తగిలించి, చక్రం తిప్పి, చుక్కలు ధారగా పడేదాకా చూసింది. మోచెయ్యి దగ్గర చల్లగా ఏదో లోపలికి పాకింది. "సెప్పేరు, మంచిపని. సెప్పకపోతే నా లెక్కంతా తప్పిపోయేది."

"ఆయనకి ఎల్లేది పాడైపోయిందేటమ్మా?" నా గొంతు నాకే గీసుకుంది. "అది లేస్తాదా?"

"ఒక్క రాత్రికే పాడైపోదు. దాన్ని నిండుగా సేసే పంపిస్తాను, ఆ పూచీ నాది. అది కొత్తింట్లో ఎంత తొరగా లేస్తాదో ఇప్పుడే నేనైనా సెప్పలేను." చక్రం ఇంకొంచెం సరిచేస్తూ, నా వైపు చూడకుండానే అంది, "మరి మీ దగ్గర ఉండిపోయేదాని సంగతేటి?"

నాకర్థం కాలేదు. "ఏది?"

"కుడిది. రేపట్నించి మీకున్నది అదొక్కటే కదా ఆంటీ. దాన్ని కూడా ఎండబెట్టేసేరు."

కుడిది. నెలల తరబడి ఇంట్లో, ఆసుపత్రిలో, వీధిలో అందరూ మాటాడింది ఎడమదాని గురించే. దానికి ఫోటోలు తీశారు, దాని రక్తనాళం ఎంత పొడవో చూశారు, అది మంచిదన్నారు, అత్తగారు దానికి దండం కూడా పెట్టింది. నేనూ అంతే, పడుకునేటప్పుడు ఎడమపక్కకి ఒత్తుకోకుండా పడుకున్నాను. కుడిదాన్ని ఒక్కరోజైనా తలుచుకున్నానా? అది ఈ ఒంట్లోనే ఉండిపోతుంది. ఆఫీసుకి నాతో వస్తుంది, ముసలితనం దాకా నాతో వస్తుంది, ఒక్కటీ రెండింటి పని చేస్తుంది. దానికి దాహం వేస్తుందని, దాన్ని కూడా ఎవరో ఒకరు చూడాలని నాకు తోచనే లేదు. ఆ చూడాల్సిన మనిషిని నేనేనని అంతకంటే తోచలేదు. కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. ఇంత ఎండిపోయిన ఒంట్లో ఇవెక్కడ మిగిలాయో.

సుశ్మిత తన జేబులోంచి గుడ్డ తీసి నా కళ్ళు తుడిచింది. ఏడవకండి అనలేదు. నర్సు తెచ్చిన స్టీలు గ్లాసు అందుకుని, నా తల కింద చెయ్యేసి కొంచెం పైకెత్తింది.

"ఇంకా టైముంది కాబట్టి ఒక గ్లాసు తాగొచ్చు. అంకుల్‌కి ఏం కావాలో గొట్టంలోంచి నేను పోస్తాను. ఇది అంకుల్ కోసం కాదు. నోము సెడిపోతాదని మీకనిపిస్తే ఒద్దు, బలవంతం లేదు. ఒక్కటి సెప్పండి, మీకు దాహమేస్తందా లేదా?"

వరండా చివర స్తోత్రం ఆగింది. ఉదయ్ భాస్కర్ ఫోన్ పెట్టేశాడు. ఆయన మేలుకునే ఉంటాడు, ఈ మలుపు అవతలే, మంచం మీద, చెవి ఇటే పెట్టి. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న నాకెవరూ వెయ్యలేదు, వేసినా ముందు ఆయన మొహం చూసి జవాబు చెప్పుకునేదాన్ని. ఇప్పుడాయన మొహం కనబడడం లేదు. వినబడితే వినబడనీ అనుకుని, కొంచెం గట్టిగానే అన్నాను.

"ఏస్తందమ్మా. నాకు దాహమేస్తంది."